రోజుకి బెత్తెడు

ఫిబ్రవరి 9

బేకరీ ఆవిడ ఇవాళ నడిరోడ్డు మీద నన్ను కడిగి పారేసింది. నోటికొచ్చినవన్నీ అనేసి లోపలికి పోయింది. నేను ఆఫీసు బ్యాగు భుజాన వేసుకుని, గుడ్లప్పగించి నిలబడ్డాను. అక్కడ అనలేకపోయినవి ఇక్కడైనా రాసుకోకపోతే ముద్ద దిగేలా లేదు.

ఆవిడ గోలంతా ఒక్కటే. వాళ్ళ బోరు నీళ్ళు పెట్రోలు వాసన వస్తున్నాయట. పిండి కలిపితే పిండికి, టీ పెడితే టీకి అదే వాసనట. ఇంట్లో కోడలు, ఆ కోడలికి నెలల పాప. పాపకి పాలు కలిపేదీ ఆ నీళ్ళతోనే. రోడ్డుకి అటువైపున్న పెట్రోలు బంకులో భూమిలో ట్యాంకు కారుతోందని వీధి వీధంతా చెప్పి, పైకి ఫిర్యాదు కూడా పెట్టింది. ఆ బంకు మా తమ్ముడిది. నేల కింద నీరు ఎటు నుంచి ఎటు పోతోందో కొలిచి చెప్పాల్సింది మా ఆఫీసు. మా ఆఫీసులో ఆ పని చేసేది నేను. ఇందులో నేను చేసిన పాపమేమిటి?

"రాసిపెట్టుకోండి," అంది, పాల ప్యాకెట్ల కోసం నిలబడ్డవాళ్ళందరికీ వినపడేలా. "నీళ్ళు మా ఇంటి వైపు రావట్లేదనే రాస్తుంది ఈవిడ. తోడబుట్టినవాడి మీద ఎవరు రాస్తారమ్మా."

ఈ ఉద్యోగంలో నా జుట్టు నెరిసింది. ఒక పెద్దమనిషి తోటలో బోర్లు ఊరి బావులను ఎండగడుతున్నాయని రాసి, మూటాముల్లె సర్దుకుని బదిలీ మీద పోయినదాన్ని. లెక్క దగ్గర నాకు తమ్ముడూ లేడు, చుట్టమూ లేడు. ఆవిడకి తెలీదు. తెలుస్తుంది.

ఫిబ్రవరి 10

మా పై అధికారికి ఆఫీసులో మేం పెట్టుకున్న పేరు తథాస్తు. ఎవరు ఏమడిగినా "అలాగే కానివ్వండి" అంటాడు. తర్వాత ఏం జరిగినా తనకేం తెలీదంటాడు.

ఈ పని ఇంకెవరికైనా ఇవ్వమని ఆయన్ని అడిగాను.

"ఇంకెవరున్నారమ్మా మన దగ్గర? పైగా మీ తమ్ముడిదే కదా. లోపలికి రానివ్వడన్న బెంగ కూడా లేదు," అని నవ్వాడు.

రెండోసారి అడగలేదు. ఎందుకు అడగాలి? నేను తప్పుకుంటే ఆవిడ అన్నమాట నిజమని నేనే ఒప్పుకున్నట్టు.

ఫిబ్రవరి 12

మూడు బోర్లూ ఒకే పొద్దున కొలిచాను.

బేకరీ ఆవిడకి ఎలా చెప్తే బుర్రకెక్కుతుందో ఇక్కడ రాసి చూసుకుంటున్నాను. బంకు మూలన ఒకటి, గ్రంథాలయం ఆవరణలో ఒకటి, మీ బేకరీ వెనక సందులో ఒకటి, మూడు సన్నటి బోర్లు ఉన్నాయి. అవి తోడుకోవడానికి కాదు, చూడటానికి వేసినవి. పైపులోకి టేపు వదిలితే నీటిని తాకగానే కీచుమంటుంది. పైపు అంచు నుంచి నీరెంత లోతున ఉందో చదువుతాను. ఆ అంచు ఎంత ఎత్తున ఉందో మా రికార్డులో ఉంటుంది. అందులోంచి లోతు తీసేస్తే నీటి ఎత్తు వస్తుంది. మూడు చోట్లా నీటి ఎత్తు తెలిస్తే వాలు తెలుస్తుంది. నీరు మెరక నుంచి పల్లానికి పోతుంది. మా తమ్ముడైనా ఇంకొకడైనా దాన్ని వెనక్కి తిప్పలేడు.

ఇలా చెప్పాలి, నిదానంగా.

బంకు బోరు మూత తీయగానే పెట్రోలు వాసన కొట్టింది. బంకులో పెట్రోలు వాసన కాక మల్లెపూల వాసన వస్తుందా? టేపు తుడిస్తే గుడ్డకి జిడ్డు అంటింది. బంకన్నాక జిడ్డు ఉంటుంది.

కొలత అయ్యాక తమ్ముడి గదిలోకి వెళ్తూ గుమ్మం దగ్గర తూలిపడబోయాను. మెట్టుందనుకుని కాలు ఎత్తి వేస్తే అక్కడ ఏమీ లేదు. మోకాలు కలుక్కుమంది. వాడు పరిగెత్తుకొచ్చి, "చూసుకుని నడువక్కా," అని చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి విదిలించేశాను. పని మీద వచ్చినప్పుడు అక్కా గిక్కా ఏమిటి?

ఫిబ్రవరి 13

లెక్క తేలింది. బంకు దగ్గర నీటి మట్టం బేకరీ దగ్గరకంటే అరజానెడు పల్లంలో ఉంది. అంటే బేకరీ వైపు నుంచే నీరు బంకు వైపు వస్తోంది. బంకులో ట్యాంకు కారినా, పీపాలు బోర్లించినా, బేకరీ బోరులోకి చుక్క రాదు.

ఇది సంతోషం కాదు. లెక్క తేలినప్పుడు ఎవరికైనా ఉండే తృప్తి, అంతే.

ఏటా పైపుల అంచులకి మళ్ళీ లెవెల్ పెట్టి, రికార్డులో ఎత్తు సరిగ్గా ఉందో లేదో చూడాలని రూలు ఉంది. కొన్నేళ్ళుగా ఎవరూ చూడలేదు. లెవెల్ పెట్టాలంటే పరికరం కావాలి, అంకెల కర్ర పట్టుకోవడానికి మనిషి కావాలి. పైపేమైనా నడిచి వెళ్తుందా? అవసరం లేదు.

ఫిబ్రవరి 15

ఆవిడ నోరు మూయిద్దామని నేనే బేకరీకి వెళ్ళాను. నిదానంగానే మొదలుపెట్టాను. బిస్కెట్ల ట్రే ఒకటి తీసుకుని, దాన్లో కాసిని నీళ్ళు పోసి, ఇదిగో ఇటు వాలిస్తే ఇటు పోతాయి, అటు వాలిస్తే అటు పోతాయి అని చూపించాను. కొనడానికి వచ్చినవాళ్ళంతా చుట్టూ మూగారు.

"ట్రే సరే," అంది. "మరి మా నీళ్ళకి ఆ వాసన ఎక్కడిది?"

"మీ డ్రైనేజీ పైపు పగిలి ఉంటుంది."

"డ్రైనేజీ వాసనకీ పెట్రోలు వాసనకీ తేడా తెలీదా నాకు? పొద్దున లేస్తే ఓవెన్ ముందు ముక్కుతోనే బతుకుతాను. ఏది మాడిందో ఏది పులిసిందో ఈ ముక్కే చెప్తుంది."

"మీ ముక్కు పంపిస్తే మా ఆఫీసులో తీసుకోరండి. అంకె కావాలి," అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ ముఖం కందగడ్డలా అయ్యింది. లోపల పాప ఏడుస్తుంటే కోడలు బయటికి తొంగి చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

తిక్క కుదిరింది.

ఫిబ్రవరి 16

ఆ బేకరీ గడప తొక్కొద్దని ఇంట్లో చెప్పాను. అమ్మ ఎదురింటివాళ్ళ చేత బ్రెడ్డు తెప్పించుకుని, పాలల్లో ముంచుకుని తింటోంది. పళ్ళు లేనివాళ్ళు ఇంకేం తింటారే, అంది. వాసనేమైనా వస్తోందా అని అడిగాను. నా ముక్కు పనిచేసి ఎన్నేళ్ళయింది, అంది.

ఫిబ్రవరి 20

రిపోర్టు మీద సంతకం పెట్టాను. ఫిర్యాదుకి ఆధారం లేదు. తథాస్తు గారు చదవకుండానే పైకి పంపేశారు.

తమ్ముడికి చెప్పడానికి బంకుకి వెళ్ళాను. ఫోన్లో చెప్పొచ్చు, వెళ్ళాను. మళ్ళీ ఆ గుమ్మం దగ్గరే తూలాను. వాడి ముందు చిన్నతనంగా అనిపించింది.

వాడు కుర్చీలో వెనక్కి వాలి హమ్మయ్య అన్నాడు. ఇది వాడి మూడో వ్యాపారం. మొదటి రెండూ మునిగాయి, వాటితోపాటు వాడూ మునిగి, తేలడానికి చాలా కాలం పట్టింది. ఇది నిలబడింది. ట్యాంకు సంగతి ఒకసారి చూపించుకోరాదా అన్నాను.

"కారితే నాకు స్టాకు తగ్గదా అక్కా? తగ్గితే నేను ఊరుకుంటానా?"

నిజమే.

ఫిబ్రవరి 21

లెవెల్ మళ్ళీ చూడాల్సిన అవసరం లేదు.

ఫిబ్రవరి 26

లేదు. పంపేసిన రిపోర్టు గురించి ఆలోచించడం పనిలేనివాళ్ళ పని.

మార్చి 2

ఇంటికొస్తూనే తలుపు ధడాలున వేశాను. కోపానికే. ఇంకెందుకు వేస్తాను?

అమ్మని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, వస్తూ వస్తూ బంకు దగ్గర ఆగాం. కొడుకుని చూడాలంది. గుమ్మం దగ్గర నేను మళ్ళీ తూలాను. అమ్మ మాత్రం నా చెయ్యి వదిలేసి టకటకా ఎక్కేసింది.

"ఇదివరకు రెండు మెట్లు ఎక్కలేక ప్రాణం పోయేది," అంది కుర్చీలో కూలబడుతూ. "నా మోకాళ్ళ కోసమే వీడు నేలంతా ఎత్తు చేయించాడు. ఇప్పుడు ఒక్కటే మెట్టు. నీకింకా పాత అలవాటు పోలేదు, లేని మెట్టు ఎక్కుతున్నావు."

తమ్ముడు నవ్వాడు. "నీ కోసమూ అనుకో అమ్మా. వానొస్తే నీళ్ళు నిలిచిపోతున్నాయని మొత్తం కాంక్రీటు వేయించాం కదా, అక్క వచ్చి రిబ్బన్ కత్తిరించిందే, అప్పుడు."

నేను బయటికి వచ్చి ఆ బోరు దగ్గర నిలబడ్డాను. పైపు నేల మీద ఎప్పటిలాగే చీలమండ దాకా ఉంది. నేల జానెడు లేస్తే పైపు ఇంకా అదే ఎత్తున ఎలా ఉంటుంది? లోపలికి వెళ్ళి అడిగాను.

"మేస్త్రీ ఇంకో ముక్క అతికించాడు. లేకపోతే కాంక్రీటు కింద కప్పబడిపోయేది. మీ ఆఫీసుదని జాగ్రత్తగా ఉంచానక్కా," అన్నాడు. మెచ్చుకోమన్నట్టు చూశాడు.

మార్చి 3

పైపు అంచు జానెడు పైకి లేచింది. రికార్డులో పాత ఎత్తే ఉంది. నేను పాత ఎత్తులోంచి కొత్త లోతు తీసేశాను. అంటే బంకు దగ్గర నీరు నేను రాసినదానికంటే జానెడు ఎత్తున ఉంది. నా రిపోర్టులో అరజానెడు పల్లం. జానెడు కలిపితే అరజానెడు మెరక.

నీరు బంకు నుంచి బేకరీకి పోతోంది. రిపోర్టు పటంలో నీటి దారి చూపే బాణం గుర్తు తలకిందులుగా గీసి, కింద సంతకం పెట్టాను.

వేగం కూడా లెక్కవేశాను. ఆ ఇసుక పొరలో ఆ వాలుకి నీరు రోజుకి బెత్తెడు కదులుతుంది. మనిషి అర నిమిషంలో దాటే రోడ్డు దాటడానికి దానికి ఏడాది పడుతుంది. ట్యాంకు ఎప్పటి నుంచి కారుతోందో ఏమో. మొదటి ఏడాది ఎవరికీ వాసన రాలేదంటే మరి రాదుగా, దారిలో ఉంది.

కొత్త పనివాడు కూడా చేయని పొరపాటు. కొత్తవాడికైతే భయం ఉంటుంది, లెవెల్ పెట్టి చూస్తాడు. నాకు తూలినప్పుడైనా తెలియాల్సింది. మూడుసార్లు తూలాను. నా కాలికి తెలిసింది నా తలకి తెలియలేదా? తెలియలేదు. తెలియలేదనే రాస్తున్నాను.

సాయంత్రం బేకరీ దాకా వెళ్ళాను. జనం ఉన్నారు. కాగితం చేతిలో లేకుండా ఏం చెప్తాను? రేపు చెప్తాను.

మార్చి 4

ముందు తమ్ముడికి చెప్పాను. ముందు వాడికి ఎందుకు చెప్పానని ఇప్పుడు నా జుట్టు నేనే పీక్కుంటున్నాను.

వాడు లేచి గది తలుపు మూశాడు. తర్వాత మెల్లిగా, "ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?" అన్నాడు.

"నాకు తెలుసు."

"నీకు కాక?"

అరికాలి మంట నెత్తికెక్కింది. "ఒరేయ్, ఆ నీళ్ళు పసిపిల్ల తాగుతోందిరా," అన్నాను.

"ఒక్క వారం టైమివ్వక్కా. ట్యాంకు చూపిస్తాను, కారుతుంటే నేనే మార్పిస్తాను. నువ్వు రాస్తే బంకుకి తాళం పడుతుంది. అమ్మ తట్టుకోగలదా?"

ఒక్క వారమే కదా అని వచ్చేశాను. వారానికి నీరు ఎంత కదులుతుందో నాకు తెలుసు, మహా అయితే రెండు మూరలు. కానీ ఆ పిల్ల వారానికి ఎన్ని సీసాల పాలు తాగుతుందో నేను లెక్కపెట్టలేదు.

మార్చి 5

తథాస్తు గారికి చెప్పాను. జన్మలో మొదటిసారి ఆయన అలాగే కానివ్వండి అనలేదు.

"పైకి వెళ్ళిన రిపోర్టుని వెనక్కి తీసుకుంటే మన పరువేం కావాలమ్మా? మళ్ళీ ఫిర్యాదు వస్తే అప్పుడు చూద్దాం. మనిషిని పంపడం కుదరదు, పరికరం కావాలంటే తీసుకెళ్ళండి. నాకు చెప్పలేదనుకుంటాను."

పరువట.

మార్చి 6

బంకు బోరు లేదు.

పొద్దున వెళ్ళేసరికి పైపు కోసేసి, పైన సిమెంటు పూసేశారు. ఇంకా తడిగా ఉంది. ఏదో పిల్లి నడిచినట్టు గుర్తులు కూడా ఉన్నాయి. ఆ పక్కనే మా తమ్ముడు చేతులు కట్టుకుని నిలబడి, "బండి ఎక్కి పైపు విరిగిందక్కా, అందుకే మూసేయించాను," అన్నాడు.

చిన్నప్పుడు ఏదైనా పగలగొట్టినప్పుడు వాడికి ఎడమ కన్ను అదిరేది. ఇప్పుడూ అదురుతోంది. వాడి చెంప పగలగొట్టాలనిపించింది. నా చెవిలోనే పువ్వు పెడతాడా? వాడి ఎక్కాలు నేనే వల్లె వేయించాను. వాడి కోసం లెవెల్ పెట్టడం మానుకున్న నన్ను, వాడి కోసం పసిపిల్ల పాల సీసా పక్కకి నెట్టిన నన్ను, పిచ్చిదాన్ని చేశాడు.

బోరు మూస్తే మూశాడు. గది అరుగు మీద మా ఆఫీసు చెక్కించిన ఎత్తు గుర్తు ఉంది. అరుగు లేవలేదు, నేలే లేచింది. పాత నేల ఎత్తు మా రికార్డులో ఉంది, ఆ గుర్తు నుంచి నేల ఎంత పైకి వచ్చిందో కొలిస్తే చాలు. పైపుని పూడ్చినంత తేలిక కాదు వాడికి, పోయిన మెట్టుని తిరిగి తేవడం.

మార్చి 7

బేకరీ తలుపు తీస్తూనే వెళ్ళాను. కొనేవాళ్ళు వరసలో ఉన్నారు. ఉండనీ అనుకున్నాను.

"ఆ నీళ్ళు తాగకండి. పాపకి అస్సలు పట్టొద్దు. నా లెక్క తప్పు. బంకు నుంచే వస్తోంది," అన్నాను.

ఆవిడ చేతిలో బ్రెడ్డు పొట్లం అలాగే ఉండిపోయింది. "వినపడలేదు," అంది. వినపడింది. నాకు తెలుసు.

"నా లెక్క తప్పు," అన్నాను ఇంకా గట్టిగా. "మీ ముక్కే నిజం." ఎవరూ నవ్వలేదు.

ఆవిడ లోపలికి వెళ్ళి కోడలి చేతిలో సీసా లాక్కుని, పాలు సింకులో పారబోసింది. ఆ చప్పుడు బయటికి వినపడింది. తిరిగొచ్చి, "ఎప్పుడు తెలిసింది నీకు?" అని అడిగింది.

అబద్ధం చెప్పే వీలున్నా చెప్పలేదు. "సోమవారం."

"ఇవాళ శనివారం."

నిన్న బోరు మూసేశారని, కొలవాలంటే అంకెల కర్ర పట్టుకునే మనిషి లేడని చెప్పాను.

"అదీ సంగతి," అంది. "నీ తమ్ముడు నిన్ను మోసం చేశాడని కోపం వచ్చి వచ్చావు. మా పిల్ల కోసం రాలేదు."

కాదు అని ఇక్కడైనా రాద్దామని ఇందాకటి నుంచి కలం పట్టుకుని కూర్చున్నాను.

చివరికి కర్ర ఆవిడే పట్టుకుంది. ఏప్రాన్ కూడా విప్పకుండా రోడ్డు దాటి బంకులోకి వచ్చి, నేను చూపించిన చోట నిలబడింది. తమ్ముడు గదిలోంచి వచ్చి, "అక్కా, ఇది నా స్థలం, ముందు బయటికి నడువు," అన్నాడు.

"స్థలం నీది. ఆ గుర్తు మా ఆఫీసుది. ధైర్యముంటే దాన్ని కూడా పూడ్చు," అన్నాను. పెట్రోలు కొట్టే వాళ్ళంతా గొట్టాలు పట్టుకుని చూస్తున్నారు.

"కర్ర నిట్టనిలువుగా పట్టుకోండి. ఎడమకి వాలింది," అన్నాను.

"నా మీద అరవకు."

"అరవట్లేదు."

"పొద్దున్నుంచీ అరుస్తూనే ఉన్నావు."

పరికరం అద్దంలోంచి చూస్తే కర్ర మీది అంకెల మధ్య పిండి అంటిన వేళ్ళు కనిపించాయి. వేలు కాస్త జరపమన్నాను. అంకె చదివాను. మళ్ళీ అరుగు గుర్తు మీద పెట్టించి చదివాను. నేల జానెడు లేచింది, వేలెడు ఎక్కువే కానీ తక్కువ కాదు.

పాత రిపోర్టు తప్పని నా పేరుతోనే రాసి, నేరుగా పైకి పంపాను. తథాస్తు గారు తొక్కిపెట్టకుండా ఒక నకలు ఆవిడ చేతిలో పెట్టాను. చదువుకుని, మడిచి, ఏప్రాన్ జేబులో దోపుకుంది. థాంక్స్ చెప్పలేదు. చెప్పి ఉంటే ఇంకా ఒళ్ళు మండేది.

మార్చి 8

అమ్మ నాతో మాట్లాడటం లేదు. గోడకి చెప్తోంది. "నా మోకాళ్ళ కోసం ఎత్తు చేయించాడు, నా మూలానే వాడికి ఈ గతి," అని.

మార్చి 19

బంకుకి తాళం వేశారు.

ఏప్రిల్ 11

ట్యాంకు తీయడానికి కాంక్రీటు పగలగొడుతుంటే వెళ్ళాను, నీటి నమూనా కోసం. ట్యాంకు అడుగున అతుకు దగ్గర తుప్పు పట్టి, సూది దూరేంత కన్నం ఉంది. తమ్ముడు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. నిజంగానే తెలీదేమో వాడికి, మొదట్లో. ఆ ఒక్కటి మాత్రం నమ్ముతాను. తర్వాతవి మాత్రం క్షమించను.

గది ముందు పెళ్ళగించిన చోట పాత మెట్టు బయటపడింది, ఎర్ర రంగు అంచుతో సహా. వాడు దాని మీద కూర్చుని నా వంక చూశాడు. పక్కన చోటుంది. నేను నిలబడే ఉన్నాను.

బేకరీ ఆవిడ రోడ్డు దాటి వచ్చింది. ఇప్పుడు ట్యాంకరు నీళ్ళతో బేకరీ నడుపుతోంది. పాప చంకలో ఉంది. ఒళ్ళంతా ఎర్రటి దద్దుర్లు వచ్చి, ఇప్పుడిప్పుడే తగ్గుతున్నాయట. దేనివల్ల వచ్చాయో డాక్టరు చెప్పలేకపోయాడట. ఆవిడ నన్ను నిందించలేదు. పాప చెయ్యి పైకెత్తి, మోచేతి మడతలో చూపించింది, అంతే.

"ట్యాంకు తీసేశారుగా. మరి మా బోరు ఎప్పటికి బాగవుతుంది?" అని అడిగింది.

నేల కిందికి చేరింది ఇంకా అక్కడే ఉంది. ట్యాంకు కింద ఉన్నది రోడ్డు దాటాలి, బేకరీ దాటాలి, ఇసుకకి పట్టిన జిడ్డు కడుక్కుంటూ పోవాలి. రోజుకి బెత్తెడు. సాయంత్రం లెక్క వేసి చెప్తానని వచ్చాను.

ఆ పిల్ల పలక పట్టుకుని బడికి వెళ్ళేనాటికి కూడా బోరు బాగవదు. ఇంకా తక్కువ వస్తుందేమోనని మళ్ళీ వేశాను, ఇంకోసారి వేశాను. ఎన్నిసార్లు వేసినా అంతే వచ్చింది. ఈసారి, బంకులో కొత్తగా వేసిన బోరుతో సహా, మూడింటికీ లెవెల్ కూడా నేనే చూశాను.